పేరు మారింది సరే, పెత్తనం ఎవరిది?

మహిళా సంఘాల సమావేశాలకు వెళ్లినప్పుడల్లా నేను మూడు ప్రశ్నలు అడుగుతుంటాను. బోర్డు మీద ఎవరి పేరుంది? తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గరుంది? చెక్కు మీద సంతకం ఎవరిది? మొదటి ప్రశ్నకు జవాబు గట్టిగా, నవ్వుతూ వస్తుంది. రెండోదానికి గొంతు తగ్గుతుంది. మూడోదానికి వచ్చేసరికి ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటారు. సర్పంచ్‌గా గెలిచిన స్త్రీ కుర్చీలో ఆమె భర్త కూర్చోవడం చూసినవాళ్లం కనుక మనకిదేమీ కొత్త కాదు.

ఈసారి ఆ మూడు ప్రశ్నల్నీ ఇంగ్లండులోని స్త్రీల ఫుట్‌బాల్ లీగ్‌ను అడిగి చూద్దామనిపించింది. హక్కుల పత్రికకు బంతాటతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. అక్కడ ఆడే స్త్రీలకు అది ఉద్యోగం. వాళ్ల జీతం, వైద్యం, భద్రత, రేపు జట్టు ఉంటుందా ఉండదా అన్న సంగతి ఎవరో ఒక గదిలో కూర్చుని తేలుస్తారు. ఆ గదిలో ఎవరున్నారన్నది ఏ స్త్రీ పనికైనా వర్తించే ప్రశ్నే.

2025 మే నెలలో ఆ లీగ్‌ను నడిపే కంపెనీ తన పేరు మార్చుకుంది. ‘విమెన్స్ ప్రొఫెషనల్ లీగ్స్ లిమిటెడ్’ కాస్తా ‘డబ్ల్యూఎస్ఎల్ ఫుట్‌బాల్’ అయింది. పై అంచె అయిన విమెన్స్ సూపర్ లీగ్ పేరు ఉంచి, రెండో అంచె ‘విమెన్స్ చాంపియన్‌షిప్’ను ‘డబ్ల్యూఎస్ఎల్ 2’ అన్నారు. కొత్త చిహ్నం వచ్చింది, కొత్త రంగులు వచ్చాయి. విచిత్రమేమిటంటే 2014 నుంచి 2018 దాకా ఆ రెండో అంచెను పిలిచింది ఆ పేరుతోనే. తీసేసిన బోర్డునే మళ్లీ రంగేసి తగిలించారన్నమాట.

ఈ పేర్ల వెనక ఉన్న చరిత్ర మనం తెలుసుకోవలసింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మగవాళ్లు యుద్ధానికి పోతే ఫ్యాక్టరీల్లోకి వచ్చిన స్త్రీలు అక్కడే ఆట మొదలుపెట్టారు. ప్రెస్టన్ పట్టణంలోని డిక్, కెర్ ఫ్యాక్టరీ జట్టు 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్క్‌లో ఆడితే దాదాపు 53,000 మంది చూశారు. వసూళ్లు ధర్మకార్యాలకు ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాల్ అసోసియేషన్ తన సభ్య క్లబ్బుల మైదానాల్లో స్త్రీలు ఆడకూడదని తీర్మానించింది. ఈ ఆట స్త్రీల ఒంటికి పడదని ఒక సాకు, ధర్మానికి చేరవలసిన డబ్బు ఖర్చులకు పోతోందని ఇంకొక సాకు. తీర్మానం చేసినవాళ్లు మగవాళ్లు. ఆ గదిలో ఆటగత్తెలెవరూ లేరు. ఆ నిషేధం పూర్తిగా తొలగడానికి 1971 దాకా, అంటే సుమారు యాభై ఏళ్లు పట్టింది.

ఈలోగా స్త్రీలు ఊరుకోలేదు. 1969లో తమ సొంత సంఘం, విమెన్స్ ఫుట్‌బాల్ అసోసియేషన్, పెట్టుకున్నారు. 1991లో ఆ సంఘమే జాతీయ లీగ్‌ను మొదలుపెట్టింది. 1990ల నడిమికి వచ్చేసరికి ఆ లీగ్, ఒకప్పుడు నిషేధించిన ఫుట్‌బాల్ అసోసియేషన్ చేతికే వెళ్లిపోయింది. పేరూ మారింది. వనరులు వాళ్ల దగ్గరున్నాయి కనుక వెళ్లింది. మనం నడిపిన కార్యక్రమం ప్రభుత్వ పథకమైపోయినప్పుడు మనకు కలిగే సంతోషం, గుబులు అక్కడా కలిగే ఉంటాయి.

2011లో సూపర్ లీగ్ 8 జట్లతో మొదలైంది. ఇందులో ఆడాలంటే గెలిస్తే చాలదు, లైసెన్సు కావాలి. డాంకాస్టర్ బెల్స్ కథ వినండి. 1969లో ఆ ఊరి మగవాళ్ల మైదానంలో టిక్కెట్లమ్మే స్త్రీలు పెట్టుకున్న జట్టు అది. 2013లో సీజన్ మొదలై ఒక్క ఆట ఆడారో లేదో, వచ్చే ఏడాది మీరు కింది అంచెకు పోతారు, మీ చోటు మాంచెస్టర్ సిటీకి ఇస్తున్నాం అని కబురొచ్చింది. అప్పీలు చేసుకున్నా లాభం లేకపోయింది. 2018లో ఆ స్త్రీలు రెండో అంచెలో ప్రథమంగా నిలిచారు. అయినా కొత్త లైసెన్సుకు సరిపడా డబ్బు సమకూరక వెనక్కి తగ్గారు. గెలిచి కూడా దిగిపోవడం మరే ఆటలో న్యాయం?

ఇక నా రెండో ప్రశ్న, తీర్మానాల పుస్తకం సంగతి. 2024-25 సీజన్ నుంచి పై రెండు అంచెల్నీ అసోసియేషన్ నుంచి తీసి స్వతంత్ర కంపెనీకి అప్పగించారు. అందులోని క్లబ్బులే వాటాదారులు. అసోసియేషన్ ఒక ప్రత్యేక వాటా ఉంచుకుంది. మగవాళ్ల ప్రీమియర్ లీగ్ వడ్డీ లేకుండా 2 కోట్ల పౌండ్ల అప్పు ఇచ్చింది. కంపెనీ ముఖ్య అధికారిగా నిక్కీ డూసెట్ అనే స్త్రీ వచ్చింది. ఇదంతా మంచి మార్పే. 2025-26 నుంచి రెండు అంచెల్లోనూ కనీస వేతనం పెట్టారు. దాన్ని తక్కువ చేయను. అయితే ఆ క్లబ్బుల్లో డరమ్ వంటి ఒకటి రెండు తప్ప మిగిలినవన్నీ మగవాళ్ల క్లబ్బుల స్త్రీ విభాగాలే. వాటా క్లబ్బుది, ఓటూ క్లబ్బుది. ఆడేవాళ్లకు వాటా లేదు.

మూడో ప్రశ్న, చెక్కు సంగతి. మగ క్లబ్బు పచ్చగా ఉన్నంతకాలం స్త్రీల జట్టు గొప్పతనం గురించి ఉపన్యాసాలుంటాయి. ఖర్చు తగ్గించుకోవలసి వస్తే మొదటి కత్తెర ఎవరి మీద పడుతుందో మన ఇళ్లలో చూశాం. రెడింగ్ క్లబ్బు స్త్రీల జట్టు 2023 దాకా సూపర్ లీగ్‌లో ఉండేది. 2024లో డబ్బు లేదని యాజమాన్యం రెండో అంచెను కూడా వదులుకుంది. జట్టు అయిదో అంచెకు జారింది. 2025లో, కొత్త పేరు ప్రకటించిన ఆ మే నెలలోనే, బ్లాక్‌బర్న్ రోవర్స్ తన స్త్రీల జట్టుకు లైసెన్సు అడగనంది. ఒక పక్క కొత్త బోర్డు ఎక్కుతుంటే ఇంకొక పక్క ఆడేవాళ్ల బతుకు కుదేలైంది.

అమెరికా అనుభవం ఇందుకు భిన్నం. అక్కడి జాతీయ మహిళా లీగ్ పేరు మారలేదు. 2021 సెప్టెంబరు చివర కోచ్‌ల లైంగిక వేధింపులు బయటపడ్డప్పుడు ఆటగాళ్ల సంఘం ఆ వారాంతపు ఆటల్ని ఆపించింది. లీగ్ కమిషనర్ రాజీనామా చేసింది. తర్వాతి ఆటల్లో స్త్రీలు ఆరో నిమిషాన ఆట ఆపి, మైదానం నడిమిన ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడ్డారు. 2022 జనవరిలో సంఘానికి మొదటి సామూహిక ఒప్పందం దక్కింది. 2024 ఒప్పందంతో, ఏ క్లబ్బు ఎవర్ని తీసుకోవాలో క్లబ్బులే పంచుకునే ‘డ్రాఫ్ట్’ పద్ధతి పోయింది. సంతకం ఆ స్త్రీల సంఘానిది కనుకనే ఇంత జరిగింది.

మన దేశంలో? 2022 ఆగస్టులో జాతీయ సమాఖ్యలో పెద్దల తగాదాల వల్ల ఫిఫా మన దేశాన్ని సస్పెండ్ చేసింది. అప్పటికే తాష్కెంట్ చేరిన గోకులం కేరళ స్త్రీల జట్టు ఆసియా క్లబ్ పోటీ ఆడకుండానే తిరిగి వచ్చింది. తప్పు ఒకరిది, శిక్ష ఇంకొకరికి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి బయల్దేరి దేశ జట్టుదాకా వెళ్లిన గుగులోత్ సౌమ్యను తలుచుకుని గర్వపడతాం. ఆమె వెనక వచ్చే పిల్లలకు కావలసింది చప్పట్లొక్కటే కాదు. నిర్ణయాలు జరిగే గదిలో వాళ్లకూ కుర్చీ ఉండాలి.

కాబట్టి మిత్రులారా, ఆట కావచ్చు, పొదుపు సంఘం కావచ్చు, మన స్వచ్ఛంద సంస్థలే కావచ్చు, పేరు మార్చామని ఎవరైనా పండగ చేస్తే మనం సంతోషంగానే వెళదాం. వెళ్లి, మిఠాయి తిని, ఆ మూడు ప్రశ్నలూ అడుగుదాం. మూడోదానికి జవాబు వచ్చేదాకా అక్కణ్నుంచి లేవకుండా ఉందాం.