ముఖానికి అతుకు.. సోకు కోసం కాదు!

వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. మధ్యతరగతికి ఇది ఊరటే. అయితే పాలసీ కొనడం ఒకెత్తు, అవసరానికి అది ఆదుకోవడం మరో ఎత్తు. ముఖం మీది క్యాన్సర్ తీసేశాక చేసే ఆపరేషన్ దగ్గర ఈ తేడా బాగా తెలిసొస్తుంది.

షుగర్ పరీక్షలకు మా ఓపీకి వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి ముక్కు పక్కన నల్లమచ్చ ఉండేది. ‘పుట్టుమచ్చే డాక్టరుగారూ, గడ్డం గీసుకునేటప్పుడు తెగుతోంది’ అనేవారు. నేనూ రెండుసార్లు మాత్రలు రాసి పంపేశాను. ఎవరో చెబితే సున్నం, సోడా కలిపి కూడా పెట్టారట. పుండు మానకపోయేసరికి బయాప్సీ చేయించాం. బేసల్ సెల్ కార్సినోమా అని తేలింది.

ఇది చర్మ క్యాన్సర్లలో ఒకటి. నిదానంగా పెరుగుతుంది. ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు. కానీ వదిలేస్తే ఉన్నచోటే ముక్కునూ, కనురెప్పనూ తినేస్తుంది. మనవాళ్లలో తరచూ నల్లగా ఉండటం వల్ల పుట్టుమచ్చ అని పొరబడతాం. అరవై ఏళ్లకు కొత్తగా పుట్టుమచ్చ వచ్చిందంటే అనుమానించాల్సిందే.

క్యాన్సర్‌ను చుట్టూ కొంత మంచి చర్మంతో సహా తీసేస్తారు. మిగిలిన గుంటను పూడ్చడానికి పక్కనున్న చర్మాన్నే జరిపి కుడతారు. దీన్నే లోకల్ ఫ్లాప్ అంటారు. తొడ మీది చర్మం తెచ్చి అతికిస్తే రంగు, మందం కలవకపోవచ్చు. పక్క చర్మమైతే చక్కగా కలిసిపోతుంది. పైగా ఒక వైపు అంటుకునే ఉంటుంది కాబట్టి దాని రక్తనాళాలు దానికి ఉంటాయి. ముక్కుకు పెద్ద లోటు ఏర్పడితే నుదుటి చర్మాన్ని కిందికి తిప్పుతారు. మూడు వారాల తర్వాత ఆ వంతెనను కోసేస్తారు.

ఈ విద్య మనకు కొత్త కాదు. చెంప చర్మంతో ముక్కును సరిచేసే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. పుణె ప్రాంతంలో నుదుటి చర్మంతో ముక్కు చేసిన తీరును 1794లో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్ ప్రచురించింది. అది చదివాకే అక్కడి సర్జన్ జోసెఫ్ కార్ప్యూ 1814లో ఆ ఆపరేషన్ చేశారు.

మన మాస్టారి కథకు వద్దాం. ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే, బీమా సంస్థ ‘ప్లాస్టిక్ సర్జరీ వర్తించదు’ అంటూ క్యాష్‌లెస్ నిరాకరించింది. ఇక్కడే చాలామంది వెనుదిరుగుతారు. నిజానికి అందం కోసం చేసే సర్జరీనే పాలసీలు మినహాయిస్తాయి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణం ఆ మినహాయింపులోకి రాదు. ఈ మాట పాలసీ పత్రంలోనే ఉంటుంది. బయాప్సీ రిపోర్టు, సర్జన్ లేఖ జతచేసి వాళ్లమ్మాయి మళ్లీ రాశాక అనుమతి వచ్చింది.

అందుకే ఇవి గుర్తుంచుకోండి:

* ముఖం మీద నెలకు మించి మానని పుండు, పెరిగే మచ్చ, పదే పదే రక్తం కారే బుడిపె ఉంటే చర్మవైద్యుడికి చూపించండి. సున్నం, యాసిడ్ పెట్టొద్దు. పార్లర్లో కాల్పించొద్దు.

* బీమా దరఖాస్తులో ‘ముఖంపై క్యాన్సర్ తొలగింపు, పునర్నిర్మాణం’ అని స్పష్టంగా రాయించండి.

* నిరాకరిస్తే ముందు సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో న్యాయం జరగకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది.

* కొత్త పాలసీ తీసుకునేటప్పుడు ఉన్న జబ్బు దాచొద్దు. ముందే ఉన్న జబ్బుకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి రావచ్చు. దాస్తే క్లెయిమ్ మొత్తానికే పోవచ్చు.

* బీమా లేకున్నా దిగులొద్దు. ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి.

* ఆపరేషన్‌కు ముందూ తర్వాతా సిగరెట్ మానాలి. పొగ రక్తనాళాలను కుంచింపజేసి అతుకును చంపేస్తుంది. షుగర్ అదుపులో ఉండాలి. గీత చదునై రంగు కలవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది.

మాస్టారు ఇప్పుడూ ఓపీకి వస్తున్నారు. నేను మాత్రం బీపీ చూసే ముందు ప్రతి ఒక్కరి ముఖం ఒకసారి వెలుతురులో చూస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ల ముఖాలు మీరూ అలాగే చూడండి.