బోదకాలు ఎవరి పాపము?

కరీంనగరు మండలమునకు బోదకాలు క్రొత్త కాదు. కాలు ఏనుగుకాలివలె వాచినవానిని జూచి “పూర్వజన్మ పాపము” అని పెదవి విఱుచుట మనలో పరిపాటియైనది. ఆ యింటి పిల్లను చేసికొనుటకు వెనుకాడువారును గలరు. ఇది అజ్ఞానము మాత్రమే కాదు, అన్యాయమని మా యభిప్రాయము. పాపమే యున్నచో నది రోగిది కాదు, మన వీథిలోని మోరీది.

సుశ్రుతుడు శ్లీపదమను పేర నీ వ్యాధిని వర్ణించి, పాతనీరు నిలుచు దేశములందది మెండని యేనాడో చెప్పెను. దీని పురుగు దోమకడుపున పెరుగునని 1877లో మాన్సను దొర చైనాలో కనుగొనెను. మురుగునీట బుట్టు క్యూలెక్సు దోమ కుట్టగా నీ పురుగులు దేహమున జొచ్చి, లసికానాళములలో జేరి, ఏండ్లతరబడి బ్రదుకును. నాళములు చెడగా నీరు దిగక కాలో, వృషణమో వాచును. చర్మపు పగుళ్లలో సూక్ష్మజీవులు చేరి మాటిమాటికి చలిజ్వరము తెచ్చును. జ్వరము వచ్చినప్పుడెల్ల కాలు మఱింత బండబాఱును. బాల్యమున సోకినది పెక్కేండ్లకు గాని బయటపడదు.

ఇక మందు మాట. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో పరిశోధన నడుపుచుండగా, ఆయన బృందము డైఇథైల్‌కార్బమజైనును 1947లో లోకమునకు వెల్లడించెను. తెలుగువాని కృషిఫలమగు నీ మందు తెలుగువాని ముంగిటికి ఉచితముగా వచ్చినప్పుడు జరిగినదేమి? “మాకేమి రోగము?” అని చదువుకొన్న పట్టణవాసియే మాత్రలు పుచ్చుకొని అలమారులో దాచెను! ఆరోగ్యవంతునివలె గానవచ్చువాని రక్తమునను ఈ పురుగుల పిల్లలు రాత్రివేళ తిరుగాడుచుండును. దోమ వానిని పొరుగింటి బిడ్డకు జేర్చును. మ్రింగినపిమ్మట కొందఱికి గలుగు జ్వరమును, తలత్రిప్పుటయు చచ్చుచున్న పురుగుల వలన గలుగునవే. గర్భిణులు, రెండేండ్లలోపు శిశువులు, తీవ్రరోగులు తప్ప తక్కినవారు మ్రింగుట పౌరధర్మము.

వాచిన కాలిని మాత్రలు మరల సన్నము చేయజాలవు. కాని దినదినము సబ్బుతో గడిగి, తడి యొత్తి, కాలెత్తి పెట్టుకొన్నచో జ్వరములు తగ్గును. వృషణపు నీటికి శస్త్రచికిత్స గలదు. రోగికి గావలసినది ఈ బోధ. మన జాలి కాదు.

పురపాలకులతోను ఒక్కమాట. రోగికి పింఛనిచ్చుట మంచిదే. మోరీని మూయక, మలగుంటలకు మూతలు వేయక పింఛను మాత్ర మిచ్చుట, ఒకచేత రోగమును పెంచి వేఱొకచేత నోదార్చుట గాదా?

2027 నాటికి ఈ వ్యాధిని తుదముట్టింపవలెనని దేశము సంకల్పించినది. సంకల్పము ఢిల్లీలో జరిగినను సాధనము మన వీథిలోనే. పఠనాలయములందు గూడు సోదరులారా! పత్రిక మడిచి లేచినపిమ్మట మీ వాకిటి మోరీని ఒక్కమాఱు చూడుడు. అది పాఱుచున్నదా, నిలిచియున్నదా?