ఇంటి వెల వేఱు, తాళపుచెవి వెల వేఱు

జఫర్‌గఢ్‌లో రెండెకరముల చెలక కొనదలచిన రైతు, వెల కుదిరిన మఱునిమిషముననే రిజిస్ట్రేషను ఖర్చు లెక్క వేసికొనును. తెలంగాణమునందు 2021 జూలై నుండి స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి నూటికి 7.5 రూపాయలని ఆయనకొకరు చెప్పనక్కఱలేదు. తహసీలు కార్యాలయమున స్లాటు ఎన్నడు దొరకునో, దస్తావేజు వ్రాసినవానికేమి ఈయవలయునో అంతయు ఆయన వ్రేళ్లమీదనే యుండును. ఇట్టి లెక్కరి, అమెరికాలోని కుమారుడు ఇల్లు కొనుచున్నాడని ఫోను వచ్చినంతనే లెక్కను మఱచి, "ఎంత పంపవలయును?" అని మాత్రమే అడుగుచున్నాడు. చెలక అమ్మకమునకు వచ్చుచున్నది. కుమారుడు చెప్పిన అంకె సగము లెక్క మాత్రమేనని ఇరువురకును తెలియదు.

టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరము చుట్టునున్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగు మున్నగు ఊళ్లలో మనవారెందఱో స్థిరపడియున్నారు. అచట 5 లక్షల డాలర్ల యిల్లు కొనువాడు నూటికి 20 వంతున తన చేతినుండి పెట్టదలచెనేని లక్ష డాలర్లు కావలెను. కుమారుడు ఫోనులో చెప్పునది ఈ లక్షయే. కాని మన రిజిస్ట్రేషను దినమువంటిది ఆ దేశమున క్లోజింగు దినము. ఆనాడు ఋణమిచ్చు బ్యాంకు రుసుము, ఇంటి విలువ కట్టినవాని కూలి, హక్కు చెడదని హామీయిచ్చు టైటిల్ ఇన్సూరెన్సు, ఇంటి భీమా, ముందుగా జమకట్టవలసిన కొన్ని నెలల ఆస్తిపన్ను, ఇవన్నియు ఒక్కపెట్టున చెల్లింపవలయును. సాధారణముగా ఇవి వెలలో నూటికి 2 మొదలు 5 వఱకు నగును. అనగా 10 వేలు మొదలు 25 వేల డాలర్లు. టెక్సాసులో ఆస్తి బదిలీపై సుంకమే లేదని సంతసించువారు కలరు. నిజమే. కాని ఆ ప్రాంతమున ఏటేట కట్టవలసిన ఆస్తిపన్ను చాలచోట్ల వెలలో నూటికి 2 దరిదాపున నుండును. అది ఇల్లున్నంతకాలము తప్పదు.

ఒక్క విషయమున అమెరికా చట్టమును మెచ్చుకొనవలసియున్నది. ఋణమునకు దరఖాస్తు పెట్టిన మూడు పనిదినములలో బ్యాంకు ఈ ఖర్చుల అంచనాను వ్రాసి యీయవలెను. 2015 అక్టోబరు నుండి, క్లోజింగునకు కనీసము మూడు పనిదినములు ముందుగా తుది లెక్కయు చేతికందవలెను. కావున జఫర్‌గఢ్‌లో బేరము కుదుర్చుకొనక ముందే తండ్రి ఆ మొదటి కాగితమును తెప్పించి చదివించుకొనుట అనుమానము కాదు, వివేకము.

ఇక మన దేశపు లెక్క. రిజర్వు బ్యాంకు ఉదారీకృత చెల్లింపుల పథకము క్రింద ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరమున రెండున్నర లక్షల డాలర్లవఱకు బయటికి పంపవచ్చును. కుమారునకిచ్చు కానుకయు ఇందులోనిదే. అయితే 10 లక్షల రూపాయలు దాటిన సొమ్ముపై బ్యాంకు నూటికి 20 వంతున మూలమున పన్ను వసూలు చేయును. ఈ 20 వంతు 2023 అక్టోబరు 1న వచ్చినది. 7 లక్షలుగా నున్న హద్దు 2025 ఏప్రిల్ 1 నుండి 10 లక్షలైనది. 50 లక్షలు పంపు తండ్రి 40 లక్షలపై 8 లక్షలు విడిగా కట్టవలెను. చెలక 50 లక్షలకు అమ్ముడుపోయినచో కుమారునకు 50 లక్షలు చేరవన్నమాట.

ఈ 8 లక్షలు పోయిన సొమ్ము కాదు, చిక్కుపడిన సొమ్ము. పురపాలకసంఘములకు నిర్ణీత దూరము వెలుపలనున్న సాగుభూమి అమ్మకముపై ఆదాయపు పన్ను లేదు. సేద్యపు రాబడిపైనను లేదు. కావున రైతునకు ఆ సొమ్మంతయు తిరిగి రావలసినదే. కాని అది రావలెనన్న రిటర్ను దాఖలు చేయవలెను. జన్మమున రిటర్నన్న మాట వినని కృషీవలుడు, పన్నే లేని సొమ్ముపై పట్టిన పన్నును అడిగి తెచ్చుకొనవలయునట! ఏప్రిలులో పట్టిన మొత్తమును మఱుసటి ఏప్రిలు దాటినగాని అడుగుటకు వీలులేదు. క్లోజింగు దినము అంతవఱకాగునా?

తల్లి పేరనుకూడ భూమి యున్నచో ఇరువురును చెరి 25 లక్షలు పంపినపుడు వసూలు 8 లక్షలకు బదులు 6 లక్షలగును. మార్చిలో కొంత, ఏప్రిలులో కొంత పంపినచో ఇంకను తగ్గును. ఇందులో మోసమేమియు లేదు, చట్టమిచ్చిన వెసులుబాటే. కాని ముందుగా తెలిసినవానికే అది అక్కఱకు వచ్చును. ఇది కానుకయే గాని అప్పు కాదని అచటి బ్యాంకునకు తండ్రి సంతకముతో పత్రము పంపవలెను. ఏడాదిలో కానుక లక్ష డాలర్లు దాటినచో కుమారుడు అమెరికా పన్నుశాఖకు తెలుపవలెను. తెలుపకున్న జరిమానా నెలకు నూటికి 5 వంతున 25 వఱకు పెరుగును.

తామే విదేశమున ఇల్లు కొనదలచు పట్టణవాసుల సంగతి వేఱు. దుబాయిలో భూమిశాఖ రుసుము నూటికి 4, దలాలికి సుమారు 2. ఇంగ్లండులో పరదేశవాసికి మామూలు స్టాంపు సుంకముపై 2, ఇదివఱకే యిల్లున్నవానికి మఱి 5 అదనము. సింగపూరు 2023 ఏప్రిల్ నుండి పరదేశీయునిపై నూటికి 60 విధించినది. అనగా రమ్మనుట లేదు. హైదరాబాదు హోటళ్లలో విదేశపు మేడల బొమ్మలు చూపు పెద్దమనుష్యులు ఈ అంకెలను చిన్న అక్షరములలో అచ్చువేయుదురు. ఇల్లు కొనినపిమ్మట ఏటేట రిటర్నులో దానిని చూపనివానికి 2015 నాటి నల్లధన చట్టము క్రింద 10 లక్షల జరిమానా కలదు.

ప్రభుత్వమువారిని మనము అడుగవలసిన దొకటి యున్నది. విద్యాఋణముతో పంపు సొమ్ముపై ఈ వసూలును 2025 ఏప్రిల్‌లో తీసివేసిరి. సొమ్మెచటిదో బ్యాంకు కాగితమే చెప్పుచున్నదని గదా? సాగుభూమి అమ్మిన సొమ్మునకు రిజిస్టరైన దస్తావేజు అంతకన్న గట్టి సాక్ష్యము. దానిని చూపిన రైతునకు ఆ మినహాయింపు ఏల ఈయరాదు? అంతవఱకైనను, విదేశమునకు సొమ్ము పంపు ప్రతి బ్యాంకు శాఖలోను ఈ లెక్కను తెలుగున ఒక్క పుటలో అచ్చువేయించి, సంతకమునకు ముందే పంపువాని చేతికీయవలెను.