దస్త్రాలకెక్కని పూర్వులు

తాత తండ్రి పేరు అడిగితే తెలుగువారిలో చాలామంది చెప్పగలరు. ఆ తాతను కన్న తల్లి పేరు అడిగితే మౌనమే సమాధానం. పితృకార్యాలు జరిపే కుటుంబాలలో తర్పణం వదిలే వేళ మూడు తరాల స్త్రీపురుషుల పేర్లు పలుకుతారు గనుక అక్కడ కొంత నయం. అంతకు వెనుకటి తరాలవారి ఊసు అక్కడా వినరాదు.

ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాలలో ప్రతి చర్చిలోను జ్ఞానస్నానాలు, వివాహాలు, ఖననాలు నమోదు చేయవలెనని 1538లోనే ఆజ్ఞ వెలువడింది. అందువల్ల అక్కడి మారుమూల పల్లెలో కూలివాని పేరైనా ఏదో ఒక పుటలో దొరికే అవకాశముంది. కృష్ణా డెల్టాలో అటువంటి పుస్తకం లేదు. వెదకేవారికి తొలి ఆనవాలు ఇంటిపేరే. గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు 1922లో గుడివాడ సమీపాన చౌటపల్లిలో జన్మించారు. ఆయన ఇంటిపేరు మాత్రం బౌద్ధస్తూపంతో ప్రసిద్ధికెక్కిన మరొక గ్రామానిది. ఊరు విడిచినా ఊరి పేరు విడువకపోవడం తెలుగువారి అలవాటు.

ఇంటిపేరు దాటి ముందుకు వెళ్లాలంటే కరణాల లెక్కలే దిక్కు. గ్రామాధికారుల పారంపర్య పదవులు 1984లో రద్దయ్యే వరకు ఏ చేను ఎవరిదో, శిస్తు ఎంతో వ్రాసినవారు వారే. అయితే ఆ లెక్క భూమికి గాని మనిషికి కాదు. సెంటు నేల లేని పాలేరుకు అందులో చోటెక్కడిది? కావలి సోదరుల సహాయంతో కర్నల్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫీయతులలోనూ దేవాలయాలు, మాన్యాలు, పాలకుల ప్రస్తావనలే అధికం. నేడు వంశరాజులనబడే గాయకులు పూర్వం ఇంటింటా గోత్రాలు, వంశక్రమాలు గానం చేసేవారు. వారు కీర్తించినదీ ప్రధానంగా తమను పోషించిన వ్యవసాయ కుటుంబాలనే.

విచిత్రమేమంటే, ఆ పాలేరు పొట్ట చేతబట్టుకొని సముద్రం దాటితే అతని పేరు కాగితానికెక్కింది! 1860లో మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ ఒప్పందకూలీలను దక్షిణాఫ్రికాలోని నటాలుకు చేర్చింది. 1903 నుండి 1916 వరకు మద్రాసు మీదుగా ఫిజీకి వెళ్లినవారిలో కృష్ణా, గోదావరి, విశాఖ జిల్లాలవారున్నారు. వారి పత్రాలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, తాలూకా, గ్రామం, చివరకు ఒంటిమీది మచ్చలు కూడా నమోదయ్యాయి. స్త్రీలకూ విడిగా పత్రాలున్నాయి. దొరలు ఈ శ్రద్ధ వహించింది కూలీలపై ప్రేమతో కాదు, పారిపోతే పట్టుకొనడానికి. అయినా ఆ పత్రాల ఆధారంతోనే నేడు వారి మునిమనుమలు పూర్వుల ఊళ్లను వెదకుకొనగలుగుతున్నారు. పత్రంలో కృష్ణా జిల్లా అని ఉన్నంత మాత్రాన విజయవాడ పరిసరాలకే పరుగెత్తడం తొందరపాటు. 1859లో ఏర్పడిన ఆ జిల్లాలో 1904 వరకు గుంటూరు ప్రాంతం కూడా కలిసి ఉండేది.

ఊరిలోనే ఉండిపోయినవారికి అటువంటి కాగితం కూడా లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమంది ప్రాణాలతోపాటు వారికి తెలిసిన కథలనూ తీసుకొనిపోయింది. మిగిలినవి ముసలివారి జ్ఞాపకాలే. కొన్ని కుటుంబాలవారు అచ్చువేయించే వంశవృక్షాలలో కొడుకుల పేర్లే కొమ్మలై సాగుతాయి. కోడళ్లు ఏ ఊరివారో, వారి పుట్టినింటి పేరేమిటో, ఆడపిల్లలను ఏ ఊరికిచ్చారో వ్రాయరు. ఆ సంగతులన్నీ ఎరిగినది సాధారణంగా ఇంట్లోని నాయనమ్మ, అమ్మమ్మలే. వంశవృక్షం గీయదలచినవారు ముందుగా కాగితం, కలం పట్టుకొని కూర్చోవలసింది వారి మంచం ప్రక్కన.