ఆ ఇంట్లో మీరుంటున్నారా?

పోయిన నెల హైదరాబాదు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. కొండాపూర్లో నాకో రెండు పడగ్గదుల ఫ్లాటుంది. అందులో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తున్నారట. "అన్నయ్యా, మళ్ళీ ఫ్యామిలీకి ఎందుకు ఇవ్వడం? మన పక్క బ్లాకాయన రోజువారీ అద్దెకిస్తున్నాడు. రెండు ఏసీలు పెట్టించి, ఓ సోఫా వేయించి, నాలుగు ఫొటోలు తీసి యాప్‌లో పడేస్తే నెలకి ఇప్పుడొచ్చేదానికి రెట్టింపు. తాళాలూ దుప్పట్లూ చూసుకోడానికి ఓ కుర్రాణ్ణి పెడదాం" అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త నోరూరింది కూడా.

కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే సరిగ్గా ఈ పనే ఇంకొకడు చేస్తే ఒకప్పుడు నేను వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆ కథ చెప్పాలంటే కొండాపూర్ వదిలేసి నేనుంటున్న ఊరు, శాన్ ఫ్రాన్సిస్కో, రావాలి.

ఈ వ్యాపారం పుట్టిందే ఇక్కడ. 2007లో ఏదో డిజైన్ సభలకి ఊళ్ళో హోటళ్ళన్నీ నిండిపోతే, అద్దె కట్టడానికి డబ్బులు చాలని ఇద్దరు రూమ్మేట్లు హాల్లో గాలి పరుపులు వేసి ముగ్గుర్ని పడుకోబెట్టుకున్నారు. అదే తర్వాత ఎయిర్‌బీఎన్‌బీ అయింది. చిత్రమేంటంటే, అప్పటి ఊరి చట్టం ప్రకారం ఇంటిని 30 రోజులకంటే తక్కువకి అద్దెకివ్వడమే తప్పు. ఎవరూ పట్టించుకోలేదు. చివరికి 2014లో చట్టం మార్చారు, 2015 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది.

ఆ చట్టంలోని లెక్క నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. నువ్వు ఏడాదికి కనీసం 275 రాత్రులు ఆ ఇంట్లో ఉండాలి. 365 లోంచి 275 తీసేస్తే మిగిలేది 90. నువ్వు లేనప్పుడు ఇల్లు మొత్తం అద్దెకివ్వడానికి పరిమితి ఆ 90 రాత్రులే. నువ్వు ఇంట్లోనే ఉండి ఓ గది ఇచ్చుకుంటే పరిమితి లేదు. నగరం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, మొదట్లో దానికి ఫీజు రెండేళ్ళకి 50 డాలర్లు. ఐదు లక్షల డాలర్ల బీమా చూపించాలి. అద్దెకున్నవాళ్ళు కూడా నమోదు చేసుకోవచ్చు, కానీ అద్దె నియంత్రణ ఉన్న ఇంట్లో తాము కట్టే అద్దె కంటే ఎక్కువ సంపాదించకూడదు. ఇన్ని నిబంధనల వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే: "ఆ ఇంట్లో నువ్వుంటున్నావా?"

ఆ రోజుల్లో నేను పూర్తిగా కంపెనీల పక్షం. ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి కదా, "వాళ్ళది నోటీసు బోర్డు మాత్రమే, ఎవడో తప్పుడు ప్రకటన అంటిస్తే బోర్డుదేం తప్పు?" అని ఆఫీసులో భోజనాల దగ్గర తెగ వాదించేవాణ్ణి. 2015 నవంబర్లో రూల్సు ఇంకా బిగించాలని ప్రజల ముందుకు ఓ ప్రతిపాదన వచ్చింది. దాన్ని ఓడించడానికి ఎయిర్‌బీఎన్‌బీ ఎనభై లక్షల డాలర్లకి పైగా ఖర్చు పెట్టింది, అది ఓడిపోయింది కూడా. నాకు ఓటు లేదు గానీ, ఉంటే నేనూ దానికి వ్యతిరేకంగానే వేసుండేవాణ్ణి.

తర్వాతి ఏడాది మా పై ఫ్లాటు వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళబ్బాయీ మావాడూ ఒకే క్లాసు, సాయంత్రమైతే మెట్ల మీదే వాళ్ళ ప్రపంచమంతా. ఓనరు కొంత డబ్బిచ్చి ఖాళీ చేయించాడు. పోన్లే ఇంకో కుటుంబం వస్తుందిలే అనుకున్నాం. రాలేదు. వారానికి మూడు కొత్త ముఖాలు వచ్చాయి. రాత్రి రెండింటికి చక్రాల పెట్టెలు మెట్ల మీద టకటకలాడేవి. తాగొచ్చి మా తలుపు తమదనుకుని బాదినవాడూ ఉన్నాడు. అతిథుల మీద నాకేం కోపం లేదు, వాళ్ళు డబ్బు కట్టి సెలవులకొచ్చారు. కానీ "పైన ఎవరున్నారు నాన్నా?" అని మావాడడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. పైన ఎవరూ లేరు. రోజూ ఎవరో ఉన్నారు.

సరే, చట్టం ఉంది కదా అని ఫిర్యాదు చేశాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ప్రకటనలో అడ్రసు ఉండదు, డబ్బు కట్టాకే కనపడుతుంది. అంటే ఫలానా ప్రకటన ఫలానా ఫ్లాటుదే అని ఎవరో నిరూపించాలి. ఆ ఎవరో నేనే! ఫొటోల్లోని కిటికీ ఆకారాన్ని మా కిటికీతో పోల్చుకుంటూ, ఎవరెప్పుడొచ్చారో రాసుకుంటూ కొన్ని వారాలు డిటెక్టివు పని వెలగబెట్టాను. అవతల పక్కింటి పెద్దావిడ, భర్త పోయాక ఒక గది అద్దెకిచ్చుకుంటూ ఇల్లు నెట్టుకొస్తున్నావిడ, మొదట్లోనే లైన్లో నిలబడి ఫారాలు నింపి నంబరు తెచ్చుకుంది. నగరానికి ఆవిడ గురించి సమస్తం తెలుసు. మా పై ఫ్లాటు ఓనరు గురించి ఏమీ తెలీదు. నిజాయితీగా ఉన్నవాళ్ళకి మాత్రమే తగిలే చట్టాన్ని చట్టం అంటారా?

మా వృత్తిలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారంలోనే చెప్పే పాఠం ఒకటుంది. వాడేవాడు పంపిన సమాచారాన్ని బ్రౌజరు దగ్గర తనిఖీ చేసి ఊరుకోకు, అక్కడ చేసింది ఉత్త మర్యాద. అసలు తనిఖీ సర్వరు దగ్గర, పని జరిగే చోట జరగాలి. 2015 నాటి చట్టం అచ్చంగా బ్రౌజరు దగ్గర పెట్టిన తనిఖీ. డబ్బు చేతులు మారే చోట ఎవరూ నంబరు అడగలేదు.

2016లో నగరం ఆ లోపం సరిదిద్దింది. నమోదు నంబరు లేని ఇంటికి బుకింగు చేసి రుసుము పుచ్చుకుంటే శిక్ష కంపెనీకి కూడా అన్నారు. ఎయిర్‌బీఎన్‌బీ కోర్టుకెళ్ళింది. ఇతరులు రాసినదానికి వెబ్‌సైటుని బాధ్యుణ్ణి చేయకూడదన్న 1996 నాటి చట్టాన్ని చూపించింది, అంటే నా నోటీసు బోర్డు వాదనే! ఆ చట్టాన్ని అడ్డు పెట్టుకుని దీన్ని ఆపలేరని జడ్జి స్టే నిరాకరించారు. ఇక్కడ శిక్ష ప్రకటన వేసినందుకు కాదు, బుకింగు చేసి డబ్బు తీసుకున్నందుకు. నోటీసు బోర్డు ఎక్కడన్నా కమీషను తీసుకుంటుందా? ఆ ఒక్క ముక్కతో నా లంచ్ టేబుల్ వాదనలన్నీ గాలికిపోయాయి. 2017 మేలో రాజీ కుదిరింది, 2018 జనవరికల్లా నంబరు లేని ఇళ్ళు తీసేయాల్సొచ్చింది. ఆ సైటులో ఈ ఊరి ఇళ్ళు దాదాపు సగానికి పడిపోయాయి. సగం! రూల్సు అవే, ఊరు అదే. మారిందల్లా తనిఖీ చేసే చోటు.

మా పై ఫ్లాటులోకి ఆ వసంతంలో ఓ కుటుంబం వచ్చింది.

ఇంతవరకూ చదివి నన్ను రూల్సు పిచ్చోడనుకోకండి. న్యూయార్కు చేసింది చూస్తే నాకే గొంతులో వెలక్కాయ పడింది. అక్కడ 2022లో చేసిన చట్టం 2023 సెప్టెంబర్ 5 నుంచి అమలవుతోంది. తనిఖీ సరైన చోటే పెట్టారు, నమోదు లేకపోతే కంపెనీ బుకింగే తీసుకోకూడదు. బావుంది. కానీ రూల్సు చూడండి: 30 రోజుల లోపైతే ఓనరు ఆ ఇంట్లోనే అతిథులతోపాటు ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు, లోపల గదులకి తాళాలుండకూడదు. క్వీన్స్‌లో నా స్నేహితుడొకడికి రెండు వాటాల ఇల్లుంది. కింది వాటా వాళ్ళమ్మానాన్నల కోసం. వాళ్ళు వచ్చి ఆర్నెల్లుంటారు, మిగతా ఆర్నెల్లు ఖాళీ. ఏడాది అద్దెకి ఇవ్వలేడు, మళ్ళీ వాళ్ళొస్తే ఎక్కడుంచుతాడు? రోజువారీ ఇవ్వడానికీ లేదు, పైవాటాలో తనున్నా సరే, కింది వాటా వేరే ఇల్లు కిందే లెక్క. వాడు ఎవరి ఇంటినీ లాక్కోలేదు. వాణ్ణీ, నలభై ఫ్లాట్లు చేతిలో పెట్టుకున్న వ్యాపారినీ ఒకే గాటన కట్టారు.

పోనీ దానివల్ల అద్దెలు తగ్గాయా అంటే తగ్గలేదు. 2023 సర్వేలో ఆ ఊళ్ళో అద్దెకి ఖాళీగా ఉన్న ఇళ్ళు 1.4 శాతం. అంత కరువున్న చోట ఈ ఒక్క చట్టంతో అద్దెలు దిగొస్తాయనుకోవడం అత్యాశే, ఇళ్ళు కట్టాలి. ఈ పర్మిట్లు చేయగలిగిన పని చిన్నది: ఉన్న ఇల్లు ఇల్లుగా మిగిలేట్టు చూడటం. ఆ చిన్న పనికి స్నేహితుడి కింది వాటా జోలికి పోనక్కర్లేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అమ్మానాన్నా వచ్చినప్పుడల్లా మేం ఊళ్ళు తిరిగింది ఇలాంటి ఇళ్ళల్లో దిగే. అమ్మ బయట తినదు. కుక్కరు పెట్టుకోడానికి పొయ్యీ, పప్పులో పోపుకి ఓ మూకుడూ ఉన్న చోటు కావాలి. ఏ హోటలిస్తుంది చెప్పండి? కాబట్టి మొత్తం మూసేయమనే వాదం నాకెక్కదు. బార్సిలోనా 2028 నవంబరుకల్లా తన పదివేల పైచిలుకు పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులన్నీ ముగిసిపోనిస్తానని 2024లో ప్రకటించింది. వాళ్ళ విసుగు అర్థమవుతుంది, కానీ అందులో మా పక్కింటి పెద్దావిడలాంటి వాళ్ళకి చోటేదీ?

మళ్ళీ కొండాపూర్ కొద్దాం. మన దేశంలో ఈ ప్రశ్న కొత్తదేం కాదు. కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల వరకే, యజమాని కుటుంబం అక్కడే ఉండాలని ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో అడిగిన ప్రశ్నే. కాకపోతే ఆ గుర్తింపు కోరుకున్నవాళ్ళు తెచ్చుకునేది, లేకపోతే వ్యాపారం ఆగదు. విదేశీయుడు దిగితే 24 గంటల్లో తెలియజేయాలన్న నిబంధన మాత్రం ఇళ్ళకీ వర్తిస్తుంది. మిగతాదంతా అపార్టుమెంటు అసోసియేషను వాట్సాప్ గ్రూపులో తిట్లూ, గేటు దగ్గర వాచ్‌మన్‌తో గొడవలూ. అంటే పదేళ్ళ కిందట కిటికీలు పోల్చుకుంటూ కూర్చున్న నా పరిస్థితే. తనిఖీ మళ్ళీ పక్కింటివాడి నెత్తిన పడింది.

నా మటుకు నాకు రేపు మన నగరాలు రూల్సు రాస్తే మూడు ముక్కలు చాలనిపిస్తుంది. ఒకటి, ఆ ఇంట్లో ఉండేవాడికి, లేదా అదే ఆవరణలో ఉండేవాడికి, పర్మిటు తేలిగ్గా, చవగ్గా ఇవ్వండి. రెండు, నంబరు లేకపోతే డబ్బు తీసుకునే కంపెనీ దగ్గరే బుకింగు ఆగాలి. మూడు, అసలు అక్కడ ఉండనివాడు హోటలు నడుపుతున్నట్టే, హోటలు లైసెన్సే తెచ్చుకోమనండి.

ఇంత చక్కగా రాసుకున్నాక చూస్తే, మూడో ముక్క తగిలేది ఎవరికయ్యా అంటే నాకే. నేనా ఫ్లాటులో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

తమ్ముడికి ఫోన్ చేసి ఫ్యామిలీకే ఇమ్మన్నాను. "నీకు డబ్బంటే లెక్కలేదు అన్నయ్యా" అని విసుక్కున్నాడు. లెక్క లేకపోవడమేం, రెట్టింపంటే ఎంతో నాకూ తెలుసు. నిన్న మళ్ళీ చేశాడు. ఎవరో బ్యాంకు ఉద్యోగిట, ఇద్దరు పిల్లలట. కింది ఫ్లాటులో పిల్లలున్నారా అని అడిగాను. "ఉన్నారు, ఎందుకూ?" అన్నాడు.

ఊరికే, అన్నాను.