డాలస్‌లో తీరిక

మా నెల్లికుదురు మండలమున వరినాట్లు, పత్తి ఏరుట, మిరపకోత అను వరుసలో సంవత్సరమంతయు గడచిపోవు ఇంటినుండి వెడలి, భర్త ఉద్యోగనిమిత్తము డాలస్ నగరము చేరిన యువతికి అంతకుముందెన్నడు నెరుగని తీరిక లభించినప్పుడు, ఫోనులో బంధువులు మొట్టమొదట అడుగునది "ఖాళీగనే ఉంటున్నవా బిడ్డా?" అనియే, ఆ ప్రశ్నలోని జాలి నాకు సమ్మతము కాదు. భర్త ఉద్యోగవీసా వెంట లభించు, సాధారణముగా పనిచేయుటకు అనుమతి లేని హెచ్-4 వీసాపై నున్నవారిలో కొందరికి 2015 మే 26 నుండి ఉద్యోగానుమతి లభించినను, అది గ్రీన్‌కార్డు మార్గమున కొంతదూరము సాగినవారి జీవితభాగస్వాములకే పరిమితమగుటచే, క్రొత్తగా వచ్చినవారికి నిరీక్షణ తప్పదు. ఆ నిర్బంధము అన్యాయమేయని నా దృఢాభిప్రాయము, అయినను దానివలన చేజిక్కిన ఘడియలు ఆమె సొత్తు. ఉదయమున వైట్ రాక్ సరస్సు గట్టుమీద, అదియు మన చెరువులవలెనే వాగునకు కట్టవేసి నగరదాహము తీర్చుటకై 1911లో నిర్మించినదే, మెల్లగా నడచుచు పేరు తెలియని పక్షిని నిలిచి చూచుట, పట్టణ గ్రంథాలయమునుండి రుసుము లేక పుస్తకము తెచ్చుకొని మధ్యాహ్నమంతయు చదువుట, పొరుగింటి మెక్సికో అవ్వతో మిరపకాయల ఘాటునుగూర్చి వచ్చీరాని ఇంగ్లీషులో ముచ్చటించుట, ఇట్టి పనులవలననే పరదేశము పరిచితస్థల మగుచుండును. బిడ్డతో మాటాడునప్పుడు ఆ సరస్సు నీటిపై నేడు ఏ పక్షులు వ్రాలినవో అడుగుడని మా మండలపు తల్లులను వేడుకొనుచున్నాను.