అద్దె వాటా – సొంత తాళం

విద్యాసంస్థకు గ్రంథాలయం ఎంత అవసరమో ఈనాడు వెబ్‌సైటు కూడా అంత అవసరమైనది. ప్రవేశ ప్రకటనలు, పరీక్షా ఫలితాలు, వార్షిక సంచికలు కాగితం మీది నుండి క్రమంగా తెర మీదికి చేరుతున్నాయి. అయితే ఆ తెర వెనుక మన అక్షరాలు ఎక్కడ నివసిస్తున్నాయి, ఎవరి అధీనంలో ఉన్నాయి అన్న ప్రశ్న మనలో చాలామంది వేసుకోవడం లేదు. వెబ్‌సైటు నిర్వహణకే ప్రత్యేకించిన ఒక వర్చువల్ ప్రైవేట్ సర్వరును మన విద్యాసంస్థలు అద్దెకు తీసుకోవడం వాంఛనీయమని మేము భావిస్తున్నాము.

రాత్రింబవళ్ళు మేల్కొని ఉండి, అడిగినవారికి పుటలు అందించే కంప్యూటరే సర్వరు. అందులో వసతి మూడు విధాలు. మొదటిది ముసాఫిర్‌ఖానా వంటిది. వందలాది వెబ్‌సైట్లు ఒకే కప్పు కింద, ఒకే నిర్వాహకుని నియమాలకు లోబడి ఉంటాయి. పక్కవాడు కాళ్ళు చాపితే మనకు ఇరుకు. రెండవది స్వతంత్ర గృహం. యంత్రమంతా మనదే, ఖర్చంతా మనదే. మూడవది వాటాల ఇల్లు. ఒక పెద్ద యంత్రాన్ని హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ అనేక వాటాలుగా విభజిస్తుంది. ప్రతి వాటాకు తనదైన ఆపరేటింగ్ సిస్టమ్, మెమరీ, నిల్వ స్థలం, ఇంటర్నెట్ చిరునామా ఉంటాయి. యంత్రం ఉమ్మడిదైనా వాటా తాళంచెవి మన చేతిలోనే ఉంటుంది. వర్చువల్ ప్రైవేట్ సర్వరు అంటే ఇదే.

ఈ భావన నిన్నమొన్నటిది కాదు. 1972లోనే ఐబీఎం సంస్థ వీఎం/370 ద్వారా ఒకే యంత్రాన్ని అనేక యంత్రాలుగా చూపగలిగింది. 2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జెన్ అనే హైపర్‌వైజర్‌ను లోకానికి అందించారు. 2007లో కేవీఎం లినక్స్‌లో భాగమైంది. ఇవి అందరికీ ఉచితంగా లభించడంతో, ఒకనాడు మహాసంస్థలకే పరిమితమైన సౌకర్యం నేడు నెలకు కొన్ని వందల రూపాయల అద్దెకు దొరుకుతున్నది. 2022లో హైదరాబాదులోనే అమెజాన్ తన డేటా కేంద్రాలను ప్రారంభించింది.

సర్వరును ఒకే పనికి ప్రత్యేకించడంలో గొప్ప వివేకం ఉన్నది. వెబ్‌సైటు, ఈమెయిల్, కార్యాలయ దస్త్రాలు అన్నీ ఒకే వాటాలో కుక్కితే ఒకదాని జబ్బు మరొకదానికి అంటుతుంది. వెబ్‌సైటుకు మాత్రమే కేటాయించిన సర్వరులో పాఠకులకు 80, 443 సంఖ్యల ద్వారాలు, నిర్వాహకునికి మరొక ద్వారం తెరిచి ఉంచితే చాలు. తక్కినవన్నీ మూసివేయవచ్చు. తలుపులు తగ్గినకొద్దీ కావలి సులభమవుతుంది. పుటలు చదివించడమే పనిగా గల చిన్న వెబ్‌సైటుకు 1 జీబీ మెమరీ సరిపోతుంది.

"ఉచిత వేదికలు ఉండగా ఈ అద్దె ఎందుకు?" అని పాలకవర్గ సభ్యులు అడగవచ్చు. ఆ ప్రశ్న సహేతుకమే. దానికి చరిత్రే సమాధానం చెబుతున్నది. 1994లో ఆరంభమైన జియోసిటీస్‌లో అసంఖ్యాకులు ఉచితంగా పుటలు కట్టుకున్నారు. 1999లో యాహూ దానిని కొన్నది. 2009 అక్టోబరులో మూసివేసింది. ఇచ్చిన చేయి వెనక్కు తీసుకుంటే అడిగే హక్కు ఎవరికీ లేకపోయింది.

మన సంచిక ఒక వైపు నుండి తెలుగులోను, మరొక వైపు నుండి ఉర్దూలోను తెరుచుకుంటుంది. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగాలి, నస్తాలీఖ్ లిపి ఒంపు చెడకుండా కనిపించాలి. తెలుగు ఒత్తులు విడిపోకూడదు. ఉచిత వేదికలు చాలావరకు తమకు నచ్చిన అక్షరరూపాన్నే మనకు అంటగడతాయి. సొంత సర్వరులో ఏ ఫాంటు వాడాలో, పుట ఎటు నుండి సాగాలో నిర్ణయించేది మనమే. ఇది అలంకారానికి సంబంధించిన విషయం కాదు. రెండు భాషల గౌరవానికి సంబంధించినది.

అయితే తాళంచెవితో పాటు బాధ్యత కూడా వస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించని సర్వరు, తాళం వేసి గొళ్ళెం మరచిన ఇంటి వంటిది. మరొక హెచ్చరిక కూడా ఉన్నది. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం ఒకటి అగ్నికి ఆహుతి అయింది. లక్షల సంఖ్యలో వెబ్‌సైట్లు స్తంభించాయి. వేరొక చోట నకలు దాచుకున్నవారు కోలుకున్నారు. దాచుకోనివారిలో ఎందరో సర్వస్వం కోల్పోయారు. వాటా గోడలు పొరుగువారి నుండి కాపాడతాయి గాని, ఇల్లే కాలిపోతే కాపాడలేవు.

కావున మేము కోరేది కేవలం అద్దె చెల్లింపు కాదు. ఒక అధ్యాపకుడు, ఇద్దరు విద్యార్థులతో ఒక చిన్న సంఘం ఏర్పడాలి. వారానికొకసారి నవీకరణలు చూడడం, సంచికల నకలు మరొక ఊరి సర్వరులోను, కళాశాల గ్రంథాలయంలోని డిస్కులోను భద్రపరచడం, ఏటా బాధ్యతను తరువాతి తరగతివారికి నేర్పి అప్పగించడం వారి విధులు కావాలి. ఇంతమాత్రం పూనిక లేనప్పుడు సర్వరు తీసుకోకపోవడమే ఉత్తమం. గమనించేవారు లేని వాటా కంటే నియమాలు గల ముసాఫిర్‌ఖానాయే నయం.

విద్యార్థులారా! లినక్స్ ఆజ్ఞలను పుస్తకంలో చదివి మార్కులు సంపాదించడం ఒక ఎత్తు, నిజమైన సర్వరును ఏడాది పొడుగునా కాపాడడం మరొక ఎత్తు. మీ రచనలను పదేళ్ళ తరువాత మీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చదవగలగాలంటే, నేడే వాటికి ఒక చిరునామా కల్పించాలి. పాలకవర్గం తాళంచెవిని సంపాదించి ఇస్తుందని, మీరు దానిని జాగ్రత్తగా చేతులు మారుస్తారని ఆశిస్తున్నాము.